నలభయ్యో ఆల్చిప్ప

తొట్టె తోమి నీళ్లు నింపితే గానీ పెద్దాయనకు టీ గొంతు దిగదు. ఆల్చిప్పల పరిశోధనశాలలో ముప్పై ఒక్క ఏళ్లుగా అదే వరస. ఇంట్లో గిన్నెల అడుగులు కూడా అరగదీశాడని భార్య గోల. ఆ రోజు ఉద్యోగంలో చివరి రోజు. చేయి ఊరుకోక, వీడ్కోలు కానుకగా నలభై ఆల్చిప్పలనూ ఒక్కొక్కటిగా తళతళలాడేలా తోమిపెట్టాడు.

అక్కడే కొంప మునిగింది. వాటి మీది రంగుచుక్కలు కూడా పోయాయి. నీలం చుక్కవి సముద్రంలో పట్టినవాటి పిల్లలు. తెల్ల చుక్కవి తరతరాలుగా తొట్టెల్లో పెంచినవాటి పిల్లలు. పుట్టుకతోనే తేడా ఉంటుందేమో తేల్చాలని అక్కడి పరిశోధకురాలు మేడమ్ రెండేళ్లుగా అన్నిటినీ ఒకే నీటిలో సాకుతోంది. చూపుకు అన్నీ కవలలే.

మేడమ్ కాసేపు తల పట్టుకుని, తర్వాత నవ్వేసింది. "పోనీలెండి బాబాయ్ గారూ. తలా కాస్త ముక్క తీసి జన్యు పరీక్షకు పంపుదాం. పది రోజుల్లో తెలిసిపోతుంది."

"పది రోజులకి నేనుండను కదమ్మా. ఇన్నేళ్లూ మాట పడలేదు. పోయే రోజున పడమంటావా?"

నవ్వుతూనే అన్నాడు. ముక్కలు తీయడం అయ్యాక, ఆల్చిప్పలు మళ్లీ నోళ్లు తెరిచేదాకా ఓపిగ్గా కూర్చున్నాడు. అప్పుడు తన గడ్డి టోపీ తీసి తొట్టె మీద ఆడించాడు. నీడ పడగానే కొన్ని టక్కున మూసుకున్నాయి. కొన్ని తీరిగ్గా తెరుచుకునే ఉన్నాయి.

"మూసుకున్నవి సముద్రపువమ్మా. పుట్టి సముద్రం చూడకపోయినా, అమ్మానాన్నల భయం వాటికీ ఉంది. రోజూ పొద్దున నన్ను చూసి ఇలాగే చేస్తాయి."

సాయంత్రానికి ముప్పై తొమ్మిదింటిని రెండు బుట్టల్లోకి వేరు చేశాడు. ఒకటి మాత్రం సగం మూసి సగం తెరిచి సతాయించింది. దాన్ని విడిగా గిన్నెలో వేశాడు. "ఇది నాకు తెలియట్లేదు. తెలుసని అబద్ధమాడలేను."

ఐదింటికి అందరితో టీ తాగి, టోపీ మేకుకు తగిలించి, "మీకు పనికొస్తుంది, ఉంచుకోండి" అని చెప్పి వెళ్లిపోయాడు.

పదో రోజున ఫలితాలు వచ్చాయి. ముప్పై తొమ్మిదీ ఆయన చెప్పినట్టే ఉన్నాయి. నలభయ్యోదానికి తల్లి సముద్రపుది, తండ్రి తొట్టెది. ఎక్కడ, ఎప్పుడు కలిశాయో ఎవరికీ తెలియదు.

మేడమ్ పకపకా నవ్వుతూ ఆయనకు ఫోన్ కలిపింది. అవతల రింగవుతోంది. ఎదురుగా మేకుకు గడ్డి టోపీ, అంచుల్లో తెల్లగా ఉప్పు పేరుకుని, కిటికీ గాలికి మెల్లగా ఊగుతోంది.