డెల్మర్ ఊపిరి ఉన్న రసమట్టం

మా ఎడారి క్యాంపులో మధ్యాహ్నం మూడింటి నుంచి ఐదింటిదాకా ఎవరూ కునుకు తియ్యరు. చక్రాల మీద ఇళ్ళలాంటి కొత్త మోటార్ హోమ్‌లు దిగేది ఆ వేళకే. మడత కుర్చీలు వేసుకుని, చేతిలో చల్లటి బీరో టీయో పట్టుకుని, వచ్చినవాడు బండిని జాగాలోకి వెనక్కి ఎలా పెడతాడో చూడటం మాకు సినిమాతో సమానం. ఆరిజోనా చలికాలపు ఎండ వీపుకి వెచ్చగా తగులుతూ ఉంటుంది. మొగుడు స్టీరింగ్ దగ్గర, పెళ్ళాం వెనకాల చేతులూపుతూ. అరగంటలో నలభై ఏళ్ళ కాపురం లోగుట్టంతా బయటపడుతుంది.

ఎవరి బండైనా పని వరస మాత్రం ఒకటే. ముందు చక్రాలకి అడ్డు దిమ్మలు పెట్టాలి. తర్వాత జాకీలు దించి బండిని మట్టం చెయ్యాలి. మట్టం కుదిరాకే స్లైడ్ తియ్యాలి, అంటే గోడతో సహా గదిని బయటికి జరపాలి. బండి వాలుగా ఉండగా జరిపితే చట్రం మెలితిరిగి గది మధ్యలో ఇరుక్కుపోతుంది. ఇంకోటి, గదిని జరిపే మీట నొక్కే ముందు బండి చుట్టూ ఒకసారి నడిచి రావాలి. ఈ ఆఖరిది డెల్మర్ ప్రూయిట్ అందరికీ నూరిపోసిన నియమం.

కొత్త బళ్ళలో మట్టం చూసే కంప్యూటర్లున్నా మావాళ్ళు డెల్మర్ భార్య నెడ్రా దగ్గరికే పోతారు. "నెడ్రా, డెల్మర్‌ని ఓ ఐదు నిమిషాలు పంపిస్తావా?" అంటారు. అరవై ఏడేళ్ళ నెడ్రా తన పాత ట్రైలర్ మెట్ల మీంచి లేచి, గుడ్డలో చుట్టిన రసమట్టం, అదే మేస్త్రీలు వాలు చూసే సాధనం, తీసుకుని తనే వస్తుంది. ఆ గాజుగొట్టంలో బుడగ మామూలు బుడగ కన్నా కాస్త పెద్దది. అది డెల్మర్ ఆఖరి ఊపిరి. ఆరేళ్ళ క్రితం ఆయన పోయినప్పుడు చొక్కా జేబులో ఉన్న ఆ గొట్టం చిట్లింది, ఊపిరి అందులోకి పోయింది, చిట్లిన చోటు దానంతటదే మూసుకుంది. "బాగున్నావా డెల్మర్" అని పలకరించనిదే ఎవరూ దాన్ని నేల మీద పెట్టనివ్వరు.

అంత మర్యాద చేసేవాళ్ళే, ఎవడైనా గ్యాస్ కట్టెయ్యడం మర్చిపోతే "డెల్మర్ పని చెయ్యకురా బాబూ" అనేస్తారు. మా క్యాంపులో అజాగ్రత్తకి అదే పేరు. కుళ్ళుతో అనరు, అలవాటుగా అంటారు, అదే మరీ అన్యాయం. ఆ మాట వినబడినప్పుడల్లా బుడగ గొట్టం చివరికి పోయి ముడుచుకునేది. నెడ్రా పళ్ళు కొరికేది.

ఆ పేరు తెచ్చిపెట్టినవాడు వెండెల్ కూంట్జ్. ఆరేళ్ళ క్రితం జనవరిలో పంతొమ్మిదో నంబరు జాగాలో దిగాడు. డెల్మర్ సాయంగా వెళ్ళి, కరెంటు పెట్టె దగ్గర వంగి అతని బండి వైరు తగిలిస్తున్నాడు. లోపల వెండెల్, ఫుట్‌బాల్ ఆట మొదలైపోతోందన్న తొందరలో టీవీ పెట్టుకుని, చుట్టూ నడవకుండా మీట నొక్కాడు. గది మెల్లగా వచ్చి డెల్మర్‌ని ఇనప పెట్టెకి అదిమేసింది. తర్వాత పోలీసుతో వెండెల్ చెప్పిందేమిటంటే, "కానివ్వు అని డెల్మరే అరిచాడు. తప్పుకున్నాడనుకున్నాను" అని. చచ్చినవాడు లేచొచ్చి కాదనడు కదా. "మా ఆయన అలా అనే మనిషి కాదు, పని అయితే వచ్చి తలుపు తట్టి చెప్తాడు" అని నెడ్రా మొత్తుకుంది. దుఃఖంలో ఉంది పాపం అన్నారు. అక్కడితో సరి.

ఆ మంట కడుపులో పెట్టుకునే ఆరేళ్ళూ బతికింది నెడ్రా. వెండెల్ నోటితోనే నిజం కక్కించాలి, వాణ్ణి కూడా తనలాగే ఒంటరిని చెయ్యాలి. ఈ రెండే ఆమె కోరికలు. దేవుడికి వదిలెయ్యమని ఎవరైనా అంటే, "ఆయనకి చాలా పనులున్నాయి, ఇది నా పని" అనేది.

ఈ జనవరిలో వెండెల్ మళ్ళీ వచ్చాడు. బస్సంత కొత్త మోటార్ హోమ్, నాలుగు స్లైడ్‌లు. క్యాంపంతా నిండిపోయి పంతొమ్మిదో నంబరు ఒక్కటే ఖాళీగా ఉంది, దాన్ని ఎవరూ తీసుకోరు కనక. అతని భార్య లవోన్ దిగి చేతులూపింది. ఒక్క దెబ్బకి బండి పెట్టేశాడు. కుర్చీల్లో వాళ్ళు ఉసూరుమన్నారు.

మట్టం దగ్గర మాత్రం కంప్యూటర్ మొరాయించింది. జాకీలు మూడుసార్లు లేచాయి, మూడుసార్లు దిగాయి, ఎర్రదీపం ఆరలేదు.

"ఇంత బండి వేసుకొచ్చి నేలని బతిమాలుకుంటున్నావేం వెండెల్!" అన్నాడు ముసలి ఆర్లిస్.

"నెడ్రాని పిలవండి" అంది ఎవరో ఒకావిడ. అని నాలిక కరుచుకుంది.

నెడ్రా అప్పటికే వస్తోంది, చేతిలో గుడ్డ మూటతో.

"బాగున్నావా నెడ్రా" అన్నాడు వెండెల్, చూపు ఆమె భుజం మీదుగా ఎక్కడో పెట్టి.

"నా సంగతెందుకు, మా ఆయన్ని పలకరించు" అంటూ ఆమె లోపలికెక్కి నేల మీద రసమట్టం పెట్టింది.

బుడగ వెండెల్ నిలబడ్డ వైపుకి జారింది. అటు ఎత్తుగా ఉందనుకుని ఆ వైపు బండిని కాస్త దించాడు. బుడగ కదల్లేదు. అతను స్టీరింగ్ వైపుకి వెళ్ళాడు, బుడగ గొట్టమంతా దాటుకుని అటే పోయింది. వంటగట్టు వైపుకి వచ్చాడు, అదీ వచ్చింది.

తలుపులోంచి తొంగిచూస్తున్న ఆర్లిస్, "ఇది నేల సంగతి కాదయ్యా. నీతో ఏదో మాట్లాడాలట" అన్నాడు.

"ఆ రోజు ఆయన ఏమన్నాడో చెప్పు వెండెల్" అంది నెడ్రా. "అదే అడుగుతున్నాడు."

"ఎన్నిసార్లు చెప్పాలి? కానివ్వు అన్నాడు!"

బుడగ వెళ్ళి గొట్టం చివర కొట్టుకుంది. టిక్కుమన్న చప్పుడు బయటివాళ్ళకి కూడా వినబడింది.

"మళ్ళీ చెప్పు."

"నీకూ పిచ్చే, నీ సీసాకీ పిచ్చే! నా బండికి చచ్చినవాడి సాయం అక్కర్లేదు, దిగు!" అంటూ వెండెల్ రసమట్టాన్ని కాలితో మెట్ల మీదికి తన్నాడు. నెడ్రా వంగి అందుకుని గుండెకి అదుముకుంది. ఆమె దిగడమే ఆలస్యం, ధడాలున తలుపు వేసుకున్నాడు.

కోపంలో ఉన్నా ఆమె కాళ్ళు వాటంతటవే బండి చుట్టూ నడిచాయి. అది డెల్మర్ నేర్పిన అలవాటు. జనమంతా తలుపు వైపునే ఉన్నారు. బండి అవతలి వైపుకి రాగానే ఆమెకొక్కదానికే కనిపించింది. కరెంటు పెట్టె ముందు గొంతుకూర్చుని లవోన్ వైరుతో కుస్తీ పడుతోంది. లోపల వెండెల్ మట్టం చూడకుండానే మీట నొక్కినట్టున్నాడు, ఆమె వీపు వెనకాల స్లైడ్ గోడ కదిలింది. పక్క జాగాలో జనరేటర్ మోతకి లవోన్‌కి ఏమీ వినబడలేదు.

నెడ్రా ఒక్క మాట అంటే చాలు. అనడానికి నోరు తెరిచింది కూడా. తెరిచి ఆగిపోయింది. ఆరేళ్ళుగా కోరుకున్నది కళ్ళ ముందు జరిగిపోతోంది, మీట మీద వేలు కూడా వాడిదే. ఇందులో తన పాపం ఎంత అని లెక్కేసుకోవడానికి కావలసినంత సమయం ఉంది, స్లైడ్ అంత నెమ్మదిగా వస్తుంది. ఆమె నోరు మూసుకుంది. వెనకేసుకు రావడానికేమీ లేదు, ఆ క్షణంలో నెడ్రా లవోన్ చావాలనే కోరుకుంది.

గోడ లవోన్ వీపుకి తగిలింది. లేవబోయింది, లేవడానికి చోటు లేదు. మొహం ఇనప పెట్టెకి ఆనింది.

"ఆపు వెండెల్! ఆపు, ఇక్కడున్నాను!"

జనరేటర్ మోతని మించి ఆ అరుపు క్యాంపంతా వినబడింది. అది డెల్మర్ గొంతు. రాగి గనిలో ఇరవై ఏళ్ళు దుమ్ము మింగిన ఆ బొంగురు గొంతు మాకందరికీ తెలుసు. గది ఆగిపోయింది. లవోన్ మోచేతుల మీద పాక్కుంటూ సందులోంచి బయటపడింది.

జనం ఇటు పరిగెత్తుకొచ్చారు. వెండెల్ కూడా దిగి వచ్చాడు, ఒంట్లో చుక్క నెత్తురు లేనట్టున్నాడు. "ఇదే మాట" అన్నాడు ఎవరూ అడక్కుండానే. "ఆ రోజూ ఇదే అరిచాడు. నేను విన్నాను. విని, ఆట అయ్యాక చూద్దాంలే అనుకున్నాను."

ఆర్లిస్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. లవోన్ మోకాళ్ళ మట్టి దులుపుకుంది, మొగుడి వంక చూడలేదు. నెడ్రా వంక చూసింది.

"నువ్వు నన్ను చూశావు" అంది.

"చూశాను" అంది నెడ్రా.

ఆ సాయంత్రమే లవోన్ ఆర్లిస్ కారులో ఫీనిక్స్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

వాలుగా ఉన్న బండిలోంచి సగం దాకా వచ్చిన స్లైడ్ ఇక ముందుకీ రాలేదు, వెనక్కీ పోలేదు. అలాంటి బండిని రోడ్డెక్కించడానికి వీల్లేదు. గది జరిగే పట్టాలు వంగిపోయాయి, కొత్తవి ఫ్యాక్టరీ నుంచి రావడానికి నెలలు పడుతుందన్నాడు మెకానిక్. వెండెల్‌ని కాఫీకి పిలిచినవాళ్ళు లేరు, వెండెల్ కాఫీకి పిలిస్తే వెళ్ళినవాళ్ళూ లేరు. డెల్మర్ పేరుని అజాగ్రత్తకి వాడటం ఎవరూ చెప్పకుండానే అందరూ మానేశారు. నెడ్రా కోరినవన్నీ దొరికాయి. వాడు నిజం కక్కాడు, ఒంటరివాడయ్యాడు. కానీ రసమట్టంలో బుడగ లేదు. గొట్టం నిండా ఆకుపచ్చ నీరే.

ఏప్రిల్‌లో ఎండలు ముదిరి అందరం ఉత్తరాన ఉన్న మా ఊళ్ళకి సర్దుకున్నాం. మే వచ్చేసరికి క్యాంపులో ఇద్దరే మిగిలారు. వెండెల్ తన బండి కదలక, నెడ్రా అతను మాడిపోవడం ఇంకొన్నాళ్ళు చూడాలని. ఒకరోజు పొద్దున్నే అతను దారి దాటి ఆమె ట్రైలర్ దగ్గరికి వచ్చాడు. గడ్డం మాసి, చొక్కా వేలాడుతూ ఉన్నాడు.

"డెల్మర్‌కి ఒక మాట చెప్పుకోవాలి" అన్నాడు.

నెడ్రా రసమట్టం అతని చేతిలో పెట్టింది. "చూసుకో, ఎవరైనా ఉన్నారేమో."

వెండెల్ దాన్ని వెలుతురుకి పట్టి అటూ ఇటూ వంచాడు.

"మొగుణ్ణి తీసుకున్నావు. మిగిలిన ఆ కాస్త ఊపిరీ తీసుకున్నావు. ఇంకేం కావాలి నీకు?"

అతను గొట్టాన్ని కిందికి దించాడు. "మొదటిది నేనే నెడ్రా, కాదనను" అన్నాడు. "రెండోది నేను కాదు. నువ్వు అరిచి ఉంటే, ఆయన అరవాల్సిన పని ఉండేది కాదు."

గొట్టాన్ని జాగ్రత్తగా ఆమె ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచి నెడ్రా రోజూ అతని తలుపు దాకా వెళ్ళేది, దానికి జవాబు చెప్పి రావాలని. జూన్ పోయింది, జులై వచ్చింది. మెట్ల ముందు నిలబడి నోరు తెరిచేది. ఒక్క మాటా వచ్చేది కాదు. కాసేపు నిలబడి తిరిగొచ్చేసేది.