ఉడుం వదిలిన నిచ్చెన

ఈ సంగతి నాకు మొదట చెప్పినవాడు నీళ్ళ ట్యాంకు కాపలాదారు. తన వయసు విషయంలో తప్ప ఇంకెక్కడా అబద్ధమాడని మనిషి. తక్కినవాళ్ళ మాటలు చెవిన పెట్టకండి. వాళ్ళెవరూ అక్కడ లేరు.

వీధిదీపాల సెక్షన్‌లో నిచ్చెనకి ఇద్దరు. ఒకడు ఎక్కి దీపం తుడుస్తాడు, ఒకడు కింద పట్టుకుంటాడు. పైనుంచి దుమ్ము రాలుతుంది కాబట్టి పట్టుకున్నవాడు తల వంచి కళ్ళు మూసుకోవాలి. ఎక్కినవాడు దిగి, కాలు నేలకి ఆనగానే పానాతో నిచ్చెనని రెండు దెబ్బలు కొట్టాలి. టంగ్, టంగ్. అప్పుడే వదలాలి, అంతకుముందు ప్రాణం పోయినా వదలకూడదు. ఆ పట్టుకి పేరు మోసినవాడు ఒకాయన. అందరూ ఉడుం అనేవారు. ఆయన పట్టిన నిచ్చెన ఎక్కేది సొంత బావ, అక్క మొగుడు.

పౌర్ణమి సాయంత్రాల్లో చంద్రుడు ట్యాంకు పక్కన కాసేపు ఆగుతాడు కదా, ఆయన్ని తుడిచేదీ ఆ సెక్షనే. ఒకసారి నడిమధ్య మరక చెయ్యి చాచినా అందక, బావ ఏకంగా చంద్రుడి మీదే దిగాడు. దిగాడో లేదో, నిచ్చెన కూలింది. చంద్రుడు తన దారిన తాను పోయాడు. మళ్ళీ పౌర్ణమి దాకా బావ అక్కడే. గడ్డమూ కోపమూ రెండూ పెంచుకుని వచ్చాడు.

రిజిస్టరులో ఇద్దరి మాటా రాశారు. బావది: "దిగి తలెత్తి చూశాను. ఊరంతా నా నెత్తిన తలకిందులుగా వేలాడుతోంది. బావమరిది నన్ను కళ్ళప్పగించి చూస్తూనే వదిలేశాడు." ఉడుంది: "రెండు దెబ్బలు వినపడ్డాయి, వదిలాను. తలెత్తలేదు." వాటి కింద ఆఫీసరు ఒక్క ముక్క రాశాడు: "నిచ్చెన పట్టినవాడి తప్పు."

బావ మేస్త్రీ అయ్యాడు. ఉడుంని బల్బుల గదిలో కూర్చోబెట్టారు. ఇరవై ఆరేళ్ళు! అక్క ఇంటికి వెళ్ళినా గుమ్మం దగ్గరే మంచినీళ్ళు తాగి తిరిగొచ్చేవాడు.

ఉడుం రిటైరయ్యే ముందు ఆఖరి పౌర్ణమి నాడు మేనకోడలు రిజిస్టరు చంకన పెట్టుకుని బల్బుల గదికి వచ్చింది. ఇప్పుడు సెక్షన్‌లో ఎక్కేది ఆ పిల్లే.

"మావయ్యా, ఇవాళ చంద్రుడి మీద దిగుతున్నా. నిచ్చెన నువ్వే పట్టాలి."

"మీ నాన్న నా చేతికి చీపురు కూడా ఇవ్వడే తల్లీ."

"నువ్వు రా, చెప్తా."

ట్యాంకు దగ్గర మేస్త్రీ మండిపడ్డాడు. "వీడు పట్టిన నిచ్చెన పిల్లిని కూడా ఎక్కనివ్వను!"

ఉడుం కాపలాదారు వైపు తిరిగాడు. "పిల్లులు ఆయన్ని అడిగి ఎక్కవని చెప్పండి."

ఆ పిల్ల రిజిస్టరు తెరిచింది. "నాన్నా, మావయ్య నిన్ను చూశాడన్నావు. కళ్ళు కనపడ్డాయా?"

"కనపడకేం! గుండ్రంగా రెండు కళ్ళు, పక్కపక్కనే. రెప్ప కూడా వెయ్యలేదు, రాక్షసుడు!"

"మావయ్యా, ఒక్కసారి తల వంచు."

ఉడుం వంచాడు. నడినెత్తిన జంట సుడులు, గుండ్రంగా, పక్కపక్కనే. ఇద్దరు పెళ్ళాలొస్తారని చిన్నప్పుడందరూ ఏడిపించేవారు. ఒక్కరూ రాలేదు, సుడులు మాత్రం ఉన్నాయి.

"ఇవేనా నాన్నా రెప్ప వెయ్యనివి?"

మేస్త్రీ చాలాసేపు చూశాడు. చివరికి, "సరే, తలెత్తలేదు. కానీ నేను కొట్టలేదు. చంద్రుడి మీద నిలబడి ఎవడైనా నిచ్చెన కొడతాడా?" అన్నాడు.

చంద్రుడు వచ్చి ఆగాడు. ఉడుం తల వంచి, కళ్ళు మూసుకుని పట్టుకున్నాడు. పిల్ల ఎక్కింది. ఎక్కి ఎక్కి, చిటికెన వేలంత అయి, అవతల దిగింది.

టంగ్, టంగ్.

ఉడుం వదల్లేదు.

"కొట్టింది బావా," అన్నాడు, కళ్ళు తెరవకుండానే. ఇరవై ఆరేళ్ళకి ఆ నోట బావా అన్న మాట. "పిల్లకి తెలీదు. కాలు ఆనింది, చెయ్యి కొట్టేసింది. అచ్చం నీ చెయ్యే."

మేస్త్రీ వెళ్ళి నిచ్చెన రెండో కాలు తనూ పట్టుకున్నాడు. "వదలకురా," అన్నాడు.

"నాకు చెప్తావా?"

పిల్ల దిగి, నేల మీద నిలబడి మళ్ళీ రెండు కొట్టింది. అప్పుడు వదిలాడు ఉడుం. మరక మాత్రం పోలేదు. అది మరకే కాదట, అక్కడి రంగే అంతట.

రిజిస్టరులో ఆఫీసరు ముక్క ఇంకా అలాగే ఉంది. మేనకోడలు దిద్దితే ఇంటిమనిషి రాతంటారు. నా రాత నాకే అర్థం కాదు. చక్కటి దస్తూరీ ఉన్నవాళ్ళెవరైనా వెళ్ళి దాని కింద ఇలా రాయండి: "కొట్టారు కాబట్టి వదిలాడు. రెండోసారి కొట్టినా వదల్లేదు." కొట్టివేతలు లేకుండా రాయండి.