గడప మీద వంతెన

నేను ఒక వేపచెక్క పలకను. చెక్కల్లో టేకు దొరబిడ్డ. తలుపులకూ మంచాలకూ అందరూ దాన్నే అడుగుతారు. వేప కావాలని అడిగేవాళ్ళు ఉండరు, దొరికితే మాత్రం వాడుకుంటారు. ఒంట్లోనే చేదు ఉంది కాబట్టి చెదపురుగు కూడా మా జోలికి రాదు. ఆ చేదు నా మాటల్లో అక్కడక్కడా తగిలితే పుట్టుగుణం అనుకుని సరిపెట్టుకోండి.

తెనాలికి దగ్గర్లో ఒక పొలం గట్టు మీద చెట్టుగా ఉండేదాన్ని. గాలివానకు కూలితే కోతమిల్లుకు తోలారు. రంపం కింద నుంచి బయటికొచ్చేసరికి పలకనయ్యాను. నాటకాలకు స్టేజీలు కట్టే సప్లయర్సు వాళ్ళు నన్ను కొన్నారు. అంటే నా మొదటి ఉద్యోగమే రాజులను మోయడం!

ఆ రోజుల్లో మా చుట్టుపక్కల పద్యనాటకం లేని తిరునాళ్ళ లేదు. ఎందరో చక్రవర్తులు నా మీద నిలబడి రాగం తీశారు. జనం వన్స్‌మోర్ అని అరిస్తే ఊపిరి అందకపోయినా మళ్ళీ అదే పద్యం ఎత్తుకునేవారు, పాదంతో నా వీపు బాది మరీ. కిరీటం అద్దెది, గద అద్దెది, మీసం కూడా అద్దెదే. రాజ్యం నాదంటే నాదని కత్తులు దూసుకున్న ఇద్దరూ నాటకం కాగానే నా మీదే చతికిలబడి ఒక బీడీని చెరో దమ్మూ పీల్చేవారు. సొంతం, అద్దె అని మనుషులు పట్టుకు వేలాడే మాటల మీద నాకు అప్పుడే గౌరవం తగ్గింది.

తర్వాత ఇనుప స్టేజీలు వచ్చాయి. నన్ను షెడ్డు వెనక పడేశారు. నా మీద మేకలు పడుకునేవి. అవి పద్యాలు పాడవు, అదొక్కటే సుఖం. అలా ఉండగా ఒకరోజు వడ్రంగి బ్రహ్మం వచ్చి, నన్ను వేలితో కొట్టి చూసి, "ఇది ఎవరికీ అక్కర్లేకపోతే మా అక్కకు కావాలి" అని సైకిలు మీద పెట్టుకుపోయాడు.

ఆ అక్క పేరు హైమవతి. చిన్నప్పుడు పోలియో వచ్చి కాళ్ళు పడిపోయాయి. చక్రాల కుర్చీలో తిరుగుతుంది. లెక్కలు చెప్పడంలో ఆమెను మించినవాళ్ళు ఆ పేటలో లేరు. ఇన్నాళ్ళూ పిల్లలే ఆమె దగ్గరికి ట్యూషన్‌కు వచ్చేవాళ్ళు. ఇప్పుడు ఒక బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. బడికి దగ్గరగా ఉంటుందని అక్కాతమ్ముళ్ళు కనకరత్నమ్మ గారి ఇంట్లో కింది వాటా అద్దెకు తీసుకున్నారు. గాలి ఉంది, వెలుతురు ఉంది, నీళ్ళకు లోటు లేదు. చిక్కంతా గడప దగ్గరే వచ్చింది.

అది జానెడు ఎత్తున్న పాతకాలం గడప. టేకుదని వేరే చెప్పాలా? కుర్చీ చక్రం దాన్ని ఎక్కలేదు. హైమవతి బయటికి రావాలంటే తమ్ముడు ఆమెను ఎత్తుకుని దాటించి, తర్వాత కుర్చీని దాటించాలి. అతను పనికి వెళ్ళిపోతే సాయంత్రం దాకా ఆమె లోపలే.

"పుట్టి బుద్ధెరిగిన కాడి నుంచీ ఎవరో ఒకరు ఎత్తితేనే గుమ్మం దాటా. ఉద్యోగానికి మాత్రం నా అంతట నేను వెళ్ళాలిరా" అంది తమ్ముడితో. ఆమె అడిగింది ఆ ఒక్కటే.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. అద్దె ఇంట్లో ఒక్క మేకు కొట్టి చూడు అని కూడా చేర్చాల్సింది. బ్రహ్మం ముందుగా గడపను కోసి నేలకు సమం చేస్తానని అడిగాడు. కనకరత్నమ్మ గారు రెండు చేతులతో చెవులు మూసుకుంది.

"ఏందయ్యా ఆ మాట! గడపంటే లక్ష్మీదేవి. దేవతను రంపం పెట్టి కోస్తావా?"

పోనీ దాని మీద సిమెంటు పోసి ఏటవాలు చేస్తానన్నాడు.

"గోరీ కడతానను, సరిపోద్ది!"

ఆమె చెడ్డ మనిషి కాదు. ఆ ఇంటి గుమ్మాలన్నిటికీ, అద్దెకున్నవాళ్ళ వాటాతో సహా, ప్రతి శుక్రవారం తన చేత్తోనే పసుపు రాసి బొట్లు పెడుతుంది. అద్దెకున్నవాళ్ళు సరిగ్గా రాయరని ఆమె నమ్మకం. గడప మీద కాలు పెట్టకూడదు, కూర్చోకూడదు, దాటాలి అంతే. ఆమె చిన్నప్పటి నుంచి నేర్చుకున్న శాస్త్రం అదీ. హైమవతి ఆ మాటలన్నీ విని, నొచ్చుకోకుండా ఒక్క మాట అడిగింది.

"దాటొచ్చు కదా పిన్నిగారూ?"

"దాటొచ్చు. దాటడానికేగా ఉంది."

"అయితే దాన్ని తాకకుండా దాటతాను."

ఆ సాయంత్రం బ్రహ్మం నన్ను మూడు ముక్కలు చేశాడు. అటొక ఏటవాలు, ఇటొక ఏటవాలు, నడుమ చదునుగా ఒక నడిముక్క, కింద పొట్టి కాళ్ళు. గడప మీద చిన్న వంతెనలా నిలిచాను. కనకరత్నమ్మ గారు పరీక్షకు వచ్చింది. వంగి, నా కిందికి చెయ్యి దూర్చి, ఈ చివర నుంచి ఆ చివర దాకా జరిపి చూసింది. నా కడుపుకూ గడపకూ మధ్య ఆమె అరచెయ్యి సాఫీగా సాగింది. నా జీవితంలో ఏ రాజూ నన్ను అంత శ్రద్ధగా చూడలేదు.

"తగల్లేదు. సరే, పెట్టుకోండి. మేకులు మాత్రం కొట్టమాకండి. శుక్రవారం పొద్దున్నే తీసి పక్కన పెట్టాలి, నేను పసుపు రాసుకోవాలి" అంది.

హైమవతి ఆ రోజే నా మీదుగా బయటికీ లోపలికీ తిరిగింది. తమ్ముడు వెనక చేతులు చాచి నడుస్తుంటే "నువ్వు లోపలికి పో" అని కసిరింది. ఆమె అరచేతులు చక్రాలను తోస్తుంటే ఆ బిగువు నా దాకా తెలిసింది. చక్రవర్తుల బరువు మోశాను గానీ, మోస్తున్నందుకు సంతోషం కలగడం అదే మొదలు.

ఉద్యోగంలో చేరాల్సింది శుక్రవారం. ఆ పొద్దున బ్రహ్మం అక్క పేరున అర్చన చేయించాలని గుడికి పరుగెత్తాడు. ఆ హడావిడిలో నన్ను జరపడం మరిచిపోయాడు.

కనకరత్నమ్మ గారు పసుపు గిన్నెతో వచ్చింది. కళ్ళజోడు దేవుడి గదిలోనే మరిచిపోయింది. పెదవుల మీద స్తోత్రం, చేతిలో పసుపు. గుమ్మంలో అడ్డంగా పొడుగ్గా తగిలిందల్లా గడపే కదా ఆమె చేతికి! నా నడిముక్కకు ఒత్తుగా పసుపు పూసి, అలవాటు కొద్దీ చివరలకూ మెత్తింది. వరసగా కుంకుమ బొట్లు పెట్టింది. రెండు చేమంతులు పెట్టి దణ్ణం పెట్టుకుంది.

నిజం చెప్పొద్దూ, నేను పొంగిపోయాను. జన్మంతా కాళ్ళ కింద నలిగినదాన్ని. నాకు బొట్టు! నాకు పూలు! కింద చీకట్లో టేకు గడప ఏమనుకుంటోందో తలచుకుంటే నవ్వాగలేదు. ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు.

గుమ్మం దగ్గర చక్రాల చప్పుడైంది. లోపల హైమవతి. ఇస్త్రీ చీర, తలలో మల్లెలు, ఒళ్ళో సంచి. కనకరత్నమ్మ గారు తల ఎత్తి ఆమెను చూసింది, కళ్ళు చికిలించి నన్ను చూసింది, నాలుక కరుచుకుంది.

"అయ్యో నా మతి మండ! పలక్కి రాశానే!"

పసుపు రాసి దణ్ణం పెట్టాక అది గడపతో సమానం. దాని మీద చక్రం పోనివ్వకూడదు. పూజ చేసినదాన్ని వెంటనే పెకిలించి పక్కన పడెయ్యనూ కూడదు. ఆమె శాస్త్రం ఆమెనే కట్టిపడేసింది. నాకు పెట్టిన బొట్టు హైమవతి దారికి అడ్డమైంది. అప్పుడు నాకు ఏడుపొచ్చినంత పనైంది. నాకు పూజ వద్దు. తొక్కండి, తొక్కి వెళ్ళండి అని అరవాలనిపించింది. పలకలకు నోరు లేదు.

ఇంతలో ప్రసాదంతో బ్రహ్మం వచ్చాడు. సంగతి చూసి తెల్లబోయాడు. "నాదే తప్పు అక్కా. బడికి టైమవుతోంది. ఈ ఒక్కరోజుకు నేను ఎత్తుకుంటా" అన్నాడు.

"వద్దు" అంది హైమవతి. "ఇవాళ కూడా మూటలాగా దిగితే ఇక ఎప్పుడూ అంతేరా." తర్వాత ఇంటావిడ వైపు తిరిగింది. "ఇల్లు మీది పిన్నిగారూ. మీరు వద్దంటే ఆగిపోతా. ఎళ్ళమంటే ఎళ్తా."

కనకరత్నమ్మ గారు పసుపు గిన్నె కింద పెట్టింది. పసుపంటిన తన వేళ్ళను చూసుకుంది. కుర్చీ చక్రాల మీద బిగుసుకున్న హైమవతి వేళ్ళను చూసింది.

"నా చేత్తో రాసిన పసుపు నీకు అడ్డం పడిందంటే నాకు పుట్టగతులుంటాయా?" అంది చివరికి. వంగి చేమంతులు తీసి హైమవతి తలలో తురిమింది. "అమ్మవారికి కోపమొస్తే నా మీద వస్తది. ఆ సంగతి నేను చూసుకుంటా. నువ్వెళ్ళు తల్లీ."

హైమవతి చక్రాలు తోసింది. నా మీద ఎక్కింది, దాటింది, దిగింది. ఎవరూ చెయ్యి వెయ్యలేదు. వీధి మలుపు దాకా వెనక్కి తిరిగి చూడలేదు. నాకైతే వన్స్‌మోర్ అనాలనిపించింది.

చక్రాలకు అంటిన పచ్చి పసుపు వసారా గచ్చు మీద, మెట్టు లేని వాకిట్లో రెండు పచ్చని చారలుగా పడింది. బ్రహ్మం గుడ్డ తెచ్చి తుడవబోయాడు.

"తుడవమాకు!" అని గయ్యిమంది కనకరత్నమ్మ గారు. నడుం మీద చేతులు పెట్టుకుని ఆ చారలనే చూస్తోంది. కొత్త బెంగ పట్టుకుంది. "అన్నీ బయటికి పోయే జాడలేనయ్యా. లోపలికొచ్చే జాడ ఒక్కటీ లేదు. లక్ష్మి ఎళ్ళిపోయినట్టు లేదూ ఇది?"

పగలంతా ఆ చారలకు కాపలా కాసింది. పనిమనిషిని ఆ పక్కకు రానివ్వలేదు. కూరల బండివాడిని గేటు బయటే నిలబెట్టింది. సాయంత్రం బడి విడిచే వేళకు మళ్ళీ గిన్నెలో పసుపు కలిపి, ఈసారి కళ్ళజోడు పెట్టుకుని, నా బయటి ఏటవాలుకు మందంగా పూసింది. అవునండీ, చక్రం తొక్కాలనే పూసింది. పొద్దున్నే ఏది మహాపాపమో సాయంత్రానికి అదే ఆమెకు అత్యవసరమైంది. మనుషుల శాస్త్రం ఎంత గట్టిదో అంత సాగుతుంది. మా వేపచెక్కకు ఆ గుణం లేదు.

హైమవతి వచ్చింది. చేతుల నిండా సుద్దపొడి, ముఖం నిండా అలసట, దాని వెనక నుంచి ఆగని నవ్వు.

"ఆగు, ఆగు. కుడికాలు ముందు పెట్టి రా" అంది కనకరత్నమ్మ గారు. అని, కుర్చీని చూసి తడబడి, "అదే, కుడి చక్రం" అని సర్దుకుంది.

రెండు చక్రాలూ ఒకేసారి వస్తాయని లెక్కల టీచరు వాదించలేదు. ఎడమ చక్రాన్ని పట్టి ఆపి, కుడిదాన్ని తోసి, కుర్చీని వంకరగా నా మీదికి ఎక్కించింది. ఒక పక్కకు ఒరిగి నేను కిర్రుమన్నాను. ఇంటావిడ "జాగ్రత్త, జాగ్రత్త" అంటూ గాలిలో చేతులు ఆడించింది గానీ కుర్చీని ముట్టుకోలేదు. హైమవతి పకపకా నవ్వుతూ లోపలికి దిగింది. నట్టింటి దాకా రెండు పచ్చని చారలు సాగాయి. కనకరత్నమ్మ గారు వాటి వెంబడే నడిచి, చివరిదాకా చూసుకుని, నిండుగా ఊపిరి పీల్చుకుంది.

"బ్రహ్మం, సుత్తి తీసుకురా. దీనికి మేకులు కొట్టెయ్. వారం వారం తీసి పెట్టడం ఎవరి వల్లవుతుంది? ఇక శుక్రవారం పసుపు దీనికే" అంది.

మేకు దిగుతుంటే నొప్పి పుట్టలేదంటే అబద్ధం. అయినా ఓర్చుకున్నాను. స్టేజీ విప్పినప్పుడల్లా బండెక్కి తిరిగినదాన్ని, నాకంటూ ఒక గుమ్మం దొరికింది. మొదటి మేకు కొట్టి బ్రహ్మం మర్యాద కొద్దీ అన్నాడు.

"మేం ఇల్లు మారేటప్పుడు జాగ్రత్తగా పీకేసి, గుమ్మం ఎట్టా ఉన్నది అట్టా అప్పజెబుతాం పిన్నిగారూ."

కనకరత్నమ్మ గారు పసుపు గిన్నె చంకన పెట్టుకుని గిరుక్కున తిరిగింది.

"మేకు కొట్టమన్నది నేనా కాదా? ఇల్లు మారాలన్నా నన్నే అడగాలి. అది మటుకు ఒప్పుకోను. కొట్టు రెండోది!"