రాణిగారు సరేననలేదు

చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూనే గిరిజ రాణిగారి కష్టాలన్నీ తెలుగులోకి దించుతోంది. లండన్ ఒలింపిక్స్ అయిన ఏడాది శీతాకాలం. బయట ఇంగ్లండులోని బ్రాక్‌నెల్ ఊరంతా ముసురు. టీవీలో మధ్యాహ్నప్పూట వేసే పాత హాలీవుడ్ సినిమా. సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చున్న అత్తగారు శివపార్వతికి ఇంగ్లీషు రాదు, సినిమా లేనిదే పొద్దుపోదు. ఆవిడ తెనాలి నుంచి ఆరు నెలల వీసా మీద వచ్చింది. ఇది నాలుగో నెల.

“మెడకి విసనకర్ర లాంటి ఆ కుచ్చుల పట్టీ చుట్టుకుని అన్నం ఎట్టా తింటుందే ఆవిడ?”

“నాకూ అదే అనుమానం అత్తయ్యా.”

ఇద్దరూ నవ్వుకున్నారు. ఇద్దరికీ బాగానే పొసగుతుంది, ఎవరి దిష్టీ తగలకుండా ఉండాలి గానీ.

ఆ ఇంట్లో గిరిజకు జీతం లేని పనులు చాలా ఉన్నాయి. వంటా, అంట్లూ, బట్టలూ సరే, అవి కళ్ళకు కనబడతాయి. కనబడనిది ఒకరి మాట ఇంకొకరికి చేరవేసే పని. ఆరేళ్ళ కొడుకు సాకేత్ బడి నుంచి వచ్చి, ఇల్లంతా నానమ్మ ఇంగువ కంపు అని ఇంగ్లీషులో ముక్కు మూసుకుంటే, “ఆకలి లేదంటున్నాడు అత్తయ్యా” అంటుంది. “వీడికి పొగరెక్కువైంది” అని ఆవిడ విసుక్కుంటే, నానమ్మ నిన్ను ముద్దు చేస్తోందని వాడికి చెబుతుంది. భర్త శశాంక్ ఆఫీసు నుంచి ఫోన్ చేసి, “రోజంతా ఇంట్లోనే ఉంటావు, అమ్మని ఒక్కసారి గుడికి తీసుకెళ్ళలేవా?” అని కసిరితే, “మిమ్మల్ని గుడికి తీసుకెళ్ళమంటున్నాడు” అని మాత్రం అంటుంది. మాటల్లో ఈనెలు తీసి తీసి ఆమెకు అలవాటైపోయింది. తీసిన ఈనెలు ఎవరికి గుచ్చుకుంటున్నాయో ఎవరూ అడగలేదు.

సోమవారం ఆమెకు ఉద్యోగం వచ్చింది. హైదరాబాదులో ఐదేళ్ళు చేసిన సాఫ్ట్‌వేర్ టెస్టింగే. బస్సెక్కితే పావుగంటలో ఆఫీసు. చేరతావా లేదా అన్నది ఇవాళ సాయంత్రం ఐదు లోపల చెప్పాలి. శశాంక్ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. భుజం మీద చెయ్యి వేసి, “నేను సంపాదిస్తున్నా కదా గిరీ, నీకెందుకీ పరుగులు? హాయిగా ఉండు. పైగా అమ్మకి ఇష్టం లేదు. ఇన్నాళ్ళకి వస్తే కోడలు ఆఫీసుకు పోయిందని బాధపడుతుంది” అన్నాడు. మంచివాడే. శనివారాలు అంట్లు తోముతాడు, తోమానని పదిమందికీ చెప్పుకోడు కూడా. అందుకే ఎదురు చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. అత్తగారితో మాత్రం, “నాకే చెయ్యాలని లేదు అత్తయ్యా” అనేసింది. మూడేళ్ళుగా ఇంటర్వ్యూల చుట్టూ తిరిగిన మనిషి అంత మాట ఎలా అనగలిగిందో!

టీవీలో సేనాపతి రాణి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చూడచక్కనివాడు. ఆమె కోసం రెండు యుద్ధాలు గెలిచి వచ్చాడు. ఇప్పుడు ఆమె చెయ్యి పట్టుకుని, పెళ్ళి చేసుకుందాం, రాజ్యభారం నాకు వదిలెయ్, నువ్వు హాయిగా ఉండు అంటున్నాడు.

“ఏమంటున్నాడే?”

“పెళ్ళి చేసుకుందామంటున్నాడు.”

నువ్వంటే ప్రాణం, సింహాసనం మాత్రం ఇవ్వలేను అంది రాణి. సేనాపతి విసురుగా లేచి వెళ్ళిపోయాడు. ఆ వెళ్ళడం తిరుగుబాటుకేనని, ఇక వాళ్ళు కలవరని గిరిజకు అర్థమైంది. అత్తగారికేమో బీపీ, ఏడుపు సినిమాలు పడవు.

“సరేనంది అత్తయ్యా. పెళ్ళి ఏర్పాట్లకు వెళ్తున్నాడు.”

శివపార్వతి టీవీ మీది నుంచి చూపు తిప్పి కోడలిని చూసింది. “కోతలు కొయ్యకు. సరేనన్న మొహం ఎట్టా ఉంటుందో నాకు తెలీదూ? నలభై ఏళ్ళు అద్దంలో చూసుకున్నా. ఆవిడ ఒప్పుకోలేదు. అతనేం అడిగాడో ఉన్నదున్నట్టు చెప్పు.”

దొరికిపోయాక ఇక దాచేదేముంది? గిరిజ మాటకు మాట చెప్పింది.

“ప్రేమైతే ఆవిణ్ణి అడగాలి గానీ ఆవిడ కుర్చీ అడుగుతాడేం?” అని బుగ్గన వేలేసుకుంది శివపార్వతి. తర్వాత గొంతు తగ్గించి, “మొన్న ఉద్యోగం నాకే వద్దన్నావే, ఆ రోజు నీ మొహమూ చూశాను. అడిగితే నొచ్చుకుంటావని ఊరుకున్నా” అంది.

గిరిజ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంతలో ఫోన్ మోగింది. శశాంక్.

“గిరీ, వద్దని మెయిల్ పెట్టేశావా? మళ్ళీ లేటైతే బాగోదు.”

“ఏమంటున్నాడు?” అంది అత్తగారు, అలవాటుగా.

ఎప్పట్లాగే మెత్తటి అబద్ధం ఒకటి నోటి దాకా వచ్చింది. గిరిజ దాన్ని మింగేసింది. “ఉద్యోగం వద్దని మెయిల్ పెట్టానా అంటున్నాడు అత్తయ్యా. నేను పనికి వెళ్తే మీరు బాధపడతారని మొన్ననే చెప్పాడు.”

“నేనా? నన్నెవరు అడిగారే?”

ఆ మాట ఫోన్లోకీ వినబడింది. శశాంక్ గొంతు చిన్నబోయింది. “ఏంటి గిరీ ఇది? అమ్మేమంటోంది?”

గిరిజ లాప్‌టాప్ దగ్గరకు లాక్కుంది. ఉద్యోగం వాళ్ళ మెయిల్ తెరిచింది.

“అమ్మ పక్కనే ఉంది, ఫోన్ ఇస్తున్నా, నువ్వే అడుగు. నేనేమంటున్నానో ముందు విను. ఒకటో తారీఖు నుంచి ఆఫీసుకు వెళ్తున్నా. నువ్వంటే నాకు ప్రాణం శశాంక్, అది వేరే సంగతి.”