ఎవరి ప్లగిన్ ముందు

నీలిమ చేరిన మూడో నెలలోనే మాలతి ఆమెను అందరి ముందూ మెచ్చుకుంది. ఆ రోజు ఉమాపతికి అన్నం సహించలేదు.

మదనపల్లెలో మాలతి నడిపే చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి అతను ఆరేళ్లుగా పుంగనూరు నుంచి బస్సులో వస్తున్నాడు. చుట్టుపక్కల పాలకేంద్రాల్లో పాలు చల్లబరిచే ట్యాంకుల సెట్టింగులన్నీ వాళ్ల సిస్టమ్‌లోనే ఉంటాయి. ఎవరైనా కొత్త సెట్టింగు కొడితే, అది ట్యాంకుకు చేరేలోపు ప్లగిన్లనే చిన్న ప్రోగ్రాములు ఒకదాని తర్వాత ఒకటి దాన్ని పట్టి చూస్తాయి. ప్రతి ప్లగిన్‌కూ ఒక నంబరు. చిన్న నంబరుది ముందు నడుస్తుంది. ఉమాపతి రాసిన తనిఖీ ప్లగిన్ నంబరు పది. ఎనిమిది సెల్సియస్ డిగ్రీలు దాటిన సెట్టింగును అది తిప్పికొడుతుంది. ఇన్నేళ్లలో దాని ముందు మరొకటి రాలేదు.

కుప్పం కేంద్రానికి వచ్చిన కొత్త ట్యాంకుకు మాత్రం సెట్టింగు ఫారన్‌హీట్‌లో కొట్టాలి. దాన్ని సెల్సియస్‌కు మార్చే ప్లగిన్‌ను కుప్పం అమ్మాయి నీలిమ రెండు రోజుల్లో రాసేసింది.

"అన్నా, నాది ముందు నడవాల. మార్చినాకనే నీ తనిఖీ. నాకు ఐదు పెట్టుకుంటాండా," అంది.

"పెట్టుకోమ్మా, దానికేముండాది," అన్నాడు ఉమాపతి.

ఆమె అక్కడితో ఆగలేదు. ఈ నంబర్లే వద్దు, ఏది దేని తర్వాత నడవాలో ప్లగిన్‌లోనే రాసుకుందాం అని మాలతికి చెప్పింది. "ఆరేండ్లుగా మనకు తట్టలేదు సూడు ఉమాపతీ," అంది మాలతి సంబరంగా. ఆ 'మనకు' అన్న మాట తన ఒక్కడికే తగిలినట్టు అనిపించింది అతనికి.

ఆ శుక్రవారం సాయంత్రం అందరూ వెళ్లాక, తన ప్లగిన్ నంబరు పదిని ఒకటి చేశాడు. సోమవారం మాలతికి చూపించడానికి నీలిమ ముప్పైతొమ్మిది ఫారన్‌హీట్, అంటే దాదాపు నాలుగు సెల్సియస్, కొడుతుంది, అది మారకముందే తనిఖీ తిప్పికొడుతుంది, ఆమె తెల్లమొహం వేస్తుంది. అప్పుడు తనే సరిచేస్తాడు. అంతే అనుకున్నాడు.

కానీ శనివారం పొద్దున కుప్పంలో పాత ట్యాంకు మోటారు కాలిపోయింది. కేంద్రం నడిపే గౌరమ్మ కొత్త ట్యాంకులో పాలు పోయించి, ముప్పైతొమ్మిది కొట్టింది. తనిఖీ దాన్ని తిప్పికొట్టిందని ఆమెకు తెలియలేదు; సెట్టింగు ట్యాంకుకు చేరలేదు. సెట్టింగు లేని ట్యాంకు చల్లబరచదు. మధ్యాహ్నానికి పాలన్నీ విరిగిపోయాయి.

కబురందగానే మాలతి ఇద్దరినీ కారులో ఎక్కించుకుని కుప్పం వెళ్లింది.

"మా ఊరి పిల్లని నమ్మితిమి గదమ్మా! ఆర్నూరు లీటర్లు కాలవలో పోస్తిమి. పాలు పోసినోళ్లకు నేనేం చెప్పేది?" గౌరమ్మ నీలిమ మీద విరుచుకుపడింది.

నీలిమ తల దించుకుంది. ఉమాపతికి ఒక్క క్షణం లోపల హాయిగానే ఉంది. ఆమె ల్యాప్‌టాప్ తెరిచి, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూసేదాకా.

చూసి అతని వైపు ఒకసారి తలెత్తింది. ల్యాప్‌టాప్ మూసేసింది.

"వరుస తప్పిందక్కా. నేను మళ్లా ఒకసారి సూసుకోవాల్సింది," అంది మాలతితో, బయటికి నడుస్తూ.

ఉమాపతి వెనకే వెళ్లాడు. "నా పేరు కనపడింది గదా. యాల చెప్పలేదు?"

"నువ్వే చెప్తావనుకున్నా."

తిట్టినా బాగుండేది. పనిలోనే కాదు, ఇందులోనూ ఆమె తనకన్నా ఒక మెట్టు పైనే ఉందని ఒళ్లు మండింది. ఆ మంటతోనే లోపలికి వెళ్లి, "అక్కా, నంబరు మార్చింది నేను. నీలిమ తప్పేం లేదు," అన్నాడు.

మాలతి అతని వైపు తిరిగింది. "యాల చేసినావు?"

"ఓర్చుకోలేక."

గౌరమ్మ అతన్ని బయటికి పంపి మొహం మీదే తలుపు వేసింది.

మాలతి అతన్ని ఉద్యోగంలోంచి తీసేయలేదు. కానీ నీలిమ కింద పనిచేయమంది. నంబర్లు తీసేసే పని అతనికే అప్పగించింది. పది రోజులు కూర్చుని రాశాడు. నీలిమ కోడులో ప్రతి లైనూ చూసి రెండు తప్పులు పట్టింది. రెండూ నిజమైనవే.

నంబర్లు లేకుండా కొత్త ట్యాంకు గౌరమ్మ కళ్ల ముందే చల్లబడ్డ రోజు, "ఇది ఎవరి ఆలోచనప్పా?" అని ఆమె అడిగింది.

"నీలిమదమ్మా," అని ఉమాపతి, స్టెతస్కోపులా మెడలో వేలాడుతున్న ల్యాప్‌టాప్ వైరు తీసి సంచిలో పెట్టుకున్నాడు.