కార్తీకం దాకా ఖాళీ

మా ఆయన రామకోటేశ్వరరావుగారు కష్టమొచ్చి తాగిన మనిషి కాదు. అలా తాగినా నలుగురికీ చెప్పుకోవడానికి మర్యాదైన కారణం ఒకటి ఉండేది. ఆయన తోచక తాగారు. ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపు మా అబ్బాయి చక్రికి అప్పగించి ఇంటికొచ్చిన మూడో రోజున, సాయంత్రం నాలుగింటికి గోడ గడియారం వంక చూసి, "ఏంటో, తోచట్లేదే ఛాయా" అన్నారు. నాలుగున్నరకి సీసా మూత తీశారు. అది మొదలు గవర్నర్‌పేటలోని మా మేడమీద రోజూ నాలుగున్నరకి అదే కార్యక్రమం.

అసలు మానలేదని కాదు. ఏటా కార్తీకంలో భవానీ మాల వేసుకునేవారు. ఆ నలభై ఒక్క రోజులూ చుక్క ముట్టరు. ఎలా ముడతారు, తీరిక ఉంటేగా? తెల్లారకముందే చన్నీళ్ళ స్నానం, రెండుపూటలా పూజ, మధ్యాహ్నం భిక్ష, సాయంత్రం భజన. వీధిలో చిన్నా పెద్దా "భవానీ" అంటూ దణ్ణం పెడుతుంటే ముఖం వెలిగిపోయేది. అమ్మవారి కొండెక్కి ఇరుముడి సమర్పించి మాల తీసిన సాయంత్రమే మళ్ళీ సీసా. అమ్మవారికి ఇచ్చిన మాట నలభై ఒక్క రోజులకేనట. నలభై రెండో రోజున ఆవిడ ఇటు చూడదని ఆయన ధీమా.

పోయిన ఏడాది మాత్రం ఆయనకి జ్ఞానోదయమైంది. భవానీ మాల తీసిన మర్నాడే వెళ్ళి అయ్యప్ప మాల వేసుకున్నారు. అది తీశాక శివమాల. బీరువాలో నా చీరలు కింది అరకి దిగిపోయి ఎర్ర పంచెలూ నల్ల పంచెలూ పైకెక్కాయి. చుట్టాలు "ఎంత భక్తండీ మీవారికి" అని మురిసిపోయారు. శివరాత్రికీ ఆంజనేయస్వామి మాలకీ నడుమ నెలపైన ఖాళీ వచ్చింది. ఆ ఖాళీ అంతా తాగారు. ఒకరోజు తాగి మెట్ల మీద పడి చెయ్యి విరగ్గొట్టుకున్నారు. చైత్ర పౌర్ణమికి కట్టు చేత్తోనే కాషాయం కట్టి పవిత్రులైపోయారు.

ఈ భక్తికంతటికీ వండిందెవరు? నేను. తెల్లవారుజామునే తలస్నానం, తడి జుట్టుతో వంట, ఉల్లిపాయ తగలకుండా పదిమంది స్వాములకి భిక్ష. ఆయన తాగిన రోజుల్లో ఒక్క ఆమ్లెట్‌తో పోయేది. మా ఆయన పవిత్రులయ్యేకొద్దీ నా మోకాళ్ళు వాచిపోయాయి.

ఆంజనేయస్వామి మాల తీసే రోజు దగ్గరపడేసరికి ఆయనకి అన్నం సయించడం మానేసింది. మళ్ళీ మెట్ల మీద పడితే ఈసారి లేస్తానన్న నమ్మకం ఆయనకి లేదు. నాకూ లేదు. ఆటోనగర్‌లో కార్ల సొట్టలు తీసే డెంటింగ్ పని చేసే రత్తయ్యగారు ఈ మాలలు వేసుకునేవాళ్ళకి గురుస్వామి. ఆయన భిక్షకి వచ్చినప్పుడు మా ఆయన మెల్లిగా అడిగారు.

"గురుస్వామీ, దీని తర్వాత ఏ దేవుడి మాలుందండీ?"

"కార్తీకం దాకా ఎవరిదీ లేదు స్వామీ. ఈ ఉక్కపోతకి దేవుళ్ళు కూడా సెలవు పెట్టారు."

"ఏదో ఒకటి చూడండి. ఏ దేవుడైనా పర్లేదు."

రత్తయ్యగారు విస్తరిలోంచి తలెత్తారు. "మీకు దేవుడు కావాలా స్వామీ, డ్యూటీ కావాలా?"

మా ఆయన గోడ గడియారం వంక చూశారు. నేను పప్పు వడ్డించి లోపలికి వచ్చేశాను.

మాల తీసిన రోజు మధ్యాహ్నం మూడున్నర నుంచీ ఆయన హాల్లో పచార్లు మొదలెట్టారు.

"ఛాయా, ఇవాళ భిక్షకి ఎవరన్నా వస్తన్నారా?"

"ఎవరూ రారండీ."

"నాలుగవతా ఉందే."

"రోజూ అవుద్దండీ."

పక్కింటి శౌరమ్మగారు బజారుకి తోడు రమ్మని ఏడాదిగా అడుగుతున్నారు. ఆ రోజే బయల్దేరాను. "బుట్టలో వంకాయలున్నాయి. సీసా ఎక్కడుందో మీకే తెలుసు. రాత్రికి ఏం చేస్తారో మీ ఇష్టం" అని చెప్పి మెట్లు దిగాను. గొప్పగా చెప్పానే గానీ, బజారులో శౌరమ్మగారు చూపించిన ఒక్క చీరా నా కంటికి ఆనలేదు. ఎవరి ఫోను మోగినా నాకే అనుకున్నాను.

ఏడింటికి తిరిగొచ్చాను. మెట్ల మీద ఎవరూ లేరు. ఇల్లంతా మాడువాసన. ఆయన బల్ల దగ్గర కూర్చున్నారు. ఎదురుగా మాడిన వంకాయ కూర, జావైన అన్నం, పక్కన సీసా. దాని మూత తియ్యలేదు.

"మూడు గంటలే ఛాయా. ఒక్కళ్ళు రాలేదు. ఒక్క ఫోను మోగలేదు." మాడిన కూర వంక చూసి, "ముప్పై ఏళ్ళు నేను షాపులో ఉంటే, నువ్విక్కడ ఇట్టాగే ఉన్నావా?" అన్నారు.

పోట్లాటకి సిద్ధపడి వచ్చినదాన్ని. నాకు ఏడుపొచ్చింది.

"ఇట్టాగేనండీ."

"మరి ఏం చేశావే?"

"మీకు వండాను."

ఆయన లేచి నాకు కంచం పెట్టి వడ్డించారు. ఆ కూర కుక్క కూడా ముట్టదు. నేను తిన్నాను. రేపు కూడా నాలుగింటికి వెళ్తానని తింటూనే చెప్పేశాను.

ఆయన చాలాసేపు సీసా వంకే చూశారు. తరువాత, "రేపేం కూర?" అన్నారు.