నెయ్యి రాసిన పట్టుదారం

నేను ఒక గాలపు కర్రను. చెరువులో మట్టగిడసలు పట్టే బొంగు ముక్కను కాను. కొండవాగుల్లో ట్రౌట్ చేపలు పట్టడానికి చేసిన కర్రను. గొప్ప కోసం చెప్పడం లేదు. ఆ తేడా తెలియకనే నన్ను ఇన్ని తిప్పలు పెట్టారు కనుక ముందే చెబుతున్నాను.

పుట్టింది చైనాలో, వెదురుగా. ఓడెక్కి ఇంగ్లండు పోయాను. అక్కడ ఒక పనివాడు నన్ను నిలువునా చీల్చి ఆరు బద్దలు చేశాడు. ఒక్కొక్క బద్దనూ చిత్రిక పట్టి, మళ్ళీ ఆరింటినీ జిగురుతో ఒకటిగా అతికించాడు. ఒకటిగా ఉన్నదాన్ని ఆరు చేసి తిరిగి ఒకటి చేయడమెందుకో నన్నడగకండి. మనుషుల పనులు అలాగే ఉంటాయి. అయితే ఆ తర్వాతే నాకు వంగడం వచ్చింది, వంగి లేవడం వచ్చింది.

అప్పుడు నాకు జత కట్టారు. జత అంటే పట్టుదారం. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. మామూలు గాలానికి ఎర ఉంటుంది, సీసం గుండు ఉంటుంది. విసిరితే ఆ బరువే దారాన్ని లాక్కుపోతుంది. నా గాలానికి ఉండేది ఈకతో, నూలుపోగుతో కట్టిన ఉత్తుత్తి ఈగ. ఊదితే ఎగిరిపోతుంది. దాన్ని వాగు నడిమికి చేర్చేది దారం బరువే. ఆ బరువు నా నడుముకు సరిపోవాలి. ఎక్కువైతే కూలబడతాను. తక్కువైతే నాలో కదలికే పుట్టదు. పైగా ఆ దారం నీళ్ళమీద తేలాలి. అది మునిగితే ఈగనూ ముంచుతుంది, చేప ఇటు చూడదు. పట్టు దానంతట అది తేలదు, దానికి కొవ్వు రాయాలి. ఇంతే. బ్రహ్మవిద్య కాదు.

నన్ను నీలగిరి కొండలకు తెచ్చినవాడు ఒక టీ తోట దొర. అతను నాతో చేపలకన్నా తన టోపీనే ఎక్కువసార్లు పట్టాడు. దేశం విడిచి పోతూ, టీ ఫ్యాక్టరీలో ఫిట్టరుగా ఉన్న వెంగముని చేతిలో నన్ను పెట్టి పోయాడు. వెంగమునిది చిత్తూరు వైపు పల్లె. దొర వెంట తిరిగి విసరడం నేర్చాడు. చేయి మంచిది, కాదనను. నోరే మంచిది కాదు.

వాగు నుంచి వచ్చి నన్ను గోడకు ఆనించి, చేపల్ని గడపలో పడేసి, "ఏమ్మే, కాఫీ" అనేవాడు. అంతటితో అతని పని అయిపోయేది. మిగతాదంతా అతని భార్య కుప్పమ్మది. చేపలు కడిగేది. తడిసిన దారాన్ని రీలు నుంచి విప్పి, వసారా స్తంభాలకు కొట్టిన మేకుల మధ్య అటూ ఇటూ చుట్టి ఆరబెట్టేది. ఆరినాక గడపలో కూర్చుని, తలనొప్పి మందు పాత సీసాలోంచి వేలితో ముద్ద తీసి, పాత చీరముక్కతో దారమంతా రాసేది. ఆ ముద్ద ఆమె సొంతంగా తయారుచేసుకున్నది. మేకకొవ్వు కరిగించి, తేనె అమ్మేవాళ్ళ దగ్గర తీసుకున్న మైనం అందులో కలిపేది. కొవ్వెక్కువై ఒకసారి, మైనమెక్కువై ఒకసారి, అలా చెడగొట్టుకుంటూ పాళ్ళు పట్టుకుంది. ఆమె రాసిన దారం ఎండుటాకులా తేలేది.

"కర్రా దారం మొగుడూ పెండ్లాం మాదిరుండాయి. ఒకటి ఎగర్తాది, ఇంకోటి మోస్తాది" అని నవ్వేది.

"దాంట్లో నేను ఎగిరేదా, మోసేదా?" అనేవాడు వెంగముని.

"వాగు నీళ్ళల్లో నీ మొగం జూస్కో, తెలుస్తాది" అనేది.

అతను ఫ్యాక్టరీలో అందరికీ 'నా కర్ర, నా దారం' అని చెప్పుకునేవాడు. దారానికి ఏం రాస్తున్నావని ఆమెను ఒక్కనాడూ అడగలేదు.

నిరుడు వానల్లో కుప్పమ్మ జ్వరంతో పోయింది.

వాళ్ళ ఇళ్ళల్లో ఒక ఆచారం ఉంది. ఏడాది తిథినాడు పోయినవాళ్ళ పటం ముందు ఆకు వేసి, వాళ్ళు ఇష్టంగా తిన్నవి వండిపెడతారు. మాంసమైనా, చేపైనా. కుప్పమ్మకు ఈ వాగు చేపంటే ప్రాణం. తిథి దగ్గర పడుతుండగా వెంగముని బంధువులందరి ముందూ, "నా చేత్తో పట్టిన చేప ఆమె ఆకులో పెట్టకపోతే నేను ఆమె మొగుణ్ణే కాదు" అన్నాడు. అనడానికేం, అనేశాడు. చేయాల్సింది నేను కదా.

నన్ను గోడ మీది నుంచి దించాడు. కుప్పమ్మ సీసా ఖాళీ. దారం ఎండిపోయి ఉంది. వంటింట్లోకి పోయి నెయ్యి గిన్నె తెచ్చాడు. కుప్పమ్మ తమ్ముడు చెంగల్రాయుడు, టీ పెట్టెల లారీ నడిపేవాడు, అప్పుడే వచ్చి చూశాడు.

"నెయ్యేంది బావా? దారానికి పప్పన్నం పెడతాండావా?"

"కొవ్వు కొవ్వే గదరా. ఏదైతే ఏంది?"

కమ్మని వాసన వేస్తున్న దారాన్ని బీరువా కింద పెట్టి పడుకున్నాడు. తెల్లారేసరికి ఎలుకలు తిథి భోజనం ముందుగానే ముగించి పోయాయి. అటుకుల్లాంటి ముక్కలు మిగిలాయి. వెంగముని ఎలుకల్ని వాటి తాతముత్తాతల దాకా తిట్టాడు. నెయ్యి రాసింది ఎలుకలు కాదు కదా.

అలా నా జత పోయింది. కర్రకు ఏడుపు రాదు. కోపం వస్తుంది.

వెంగముని ఊటీ అంగడికి పోయాడు. ఇప్పుడు వచ్చేవి ప్లాస్టిక్ పూసిన దారాలు. వాటంతటవే తేలతాయి. ఒక్కోదానికీ ఒక నంబరు ఉంటుంది. నంబరు పెరిగేకొద్దీ బరువు. ఏ కర్రకు ఏ నంబరో ఆ కర్ర మీదే రాసి ఉంటుంది. నా మీద లేదు. నేను పుట్టినప్పుడు ఆ లెక్కలే లేవు. నన్ను చేతపట్టుకుని పోతే తేలిపోయే విషయం. ఇతను ఒక్కడే పోయాడు. ఫిట్టరు కదా, బెల్టు మందంగా ఉంటే యంత్రం బాగా లాగుతుందనుకున్నాడు. ఎనిమిదో నంబరు తెచ్చాడు.

వాగు దగ్గర విసిరితే నేను పిడి దాకా వంగిపోయాను. ఎక్కడో బద్ద కిర్రుమంది. దారం నీళ్ళమీద చెంపదెబ్బలా పడింది. చేపలన్నీ రాళ్ళ కిందికి పోయాయి.

మళ్ళీ ఊటీ. మళ్ళీ ఒక్కడే. అంగడివాణ్ణి బతిమాలి మార్చుకుని, ఈసారి నాలుగో నంబరు తెచ్చాడు. అది నా మీద ఉన్నట్టే నాకు తెలియలేదు. చీపురుపుల్లలా నిలబడ్డాను. దారం అతని కాళ్ళ ముందే కుప్పగా పడింది.

"దీనికి ముసిలితనమొచ్చింది. పొయ్యిలో పెట్టాల" అన్నాడు, నన్ను మోకాలికి అడ్డంగా పట్టుకుని.

నాకు ముసలితనం! ఇంకొంచెం వత్తితే విరిగేదాన్ని. చెంగల్రాయుడు వచ్చి లాక్కున్నాడు.

"చేపలు పెంచే హాచరీలో ఒకటి కొనుక్కొస్తా, ఊరుకో బావా."

"కొన్న చేప మీ అక్క ముట్టేదా?"

 చెంగల్రాయుడు నన్ను పట్టుకుని ఊపి చూశాడు.

"కర్రను అంగడికి తీసకపోయినావా?"

"దారం కొనేదానికి కర్రెందుకురా?"

"ఓర్నాయనా! కాళ్ళు ఇంట్లో పెట్టి చెప్పులు కొనేదానికి పోయినావే! బావా, లారీకి కింద బద్దలుంటాయా లేదా? ఖాళీ బండి ఎగిరెగిరి పడతాది. ఎక్కువ కొడితే బద్దలు అణిగిపోతాయి. సరిపడా లోడుంటేనే బండి నడక. దీంట్లోనూ బద్దలే గదా ఉండేది."

ఆరు బద్దలుగా పుట్టినదాన్ని. ఆ మాట విన్నాక ప్రాణం లేచొచ్చింది. మర్నాడు నన్ను లారీలో వేసుకుని పోయారు. అంగడి పక్క సందులో అంగడివాడు ఇచ్చిన దారాలన్నీ కట్టి విసిరారు. దారిన పోయేవాళ్ళు నవ్వారు. ఆరో నంబరు కట్టినప్పుడు నేను నడుము దాకా వంగి, హాయిగా లేచాను. దారం సందు చివరిదాకా తిన్నగా పోయి నిమ్మళంగా వాలింది. వెంగముని దారాన్ని రీలుకు చుట్టి, డబ్బు కట్టాడు. 

తిథి ముందురోజు ఒక్క చేప పడింది. చాలు. మర్నాడు అది ఆకులోకి చేరింది. వచ్చినవాళ్ళు తిన్నారు, బాగుందన్నారు, పోయారు.

సాయంత్రం వెంగముని కొత్త దారాన్ని రీలు నుంచి విప్పాడు. కుప్పమ్మ మేకుల మధ్య అటూ ఇటూ చుట్టాడు. గడపలో ఆమె కూర్చునే చోట కూర్చుని, ఆ చీరముక్క తీశాడు. ఖాళీ సీసా మూత విప్పి లోపలికి చూశాడు, వాసన చూశాడు.

"అది ప్లాస్టిక్‌ది బావా. దానికి రాసే పనిలేదు. దానంతట అదే తేల్తాది" అన్నాడు చెంగల్రాయుడు.

"తెలుసులే." సీసాకు మూత పెట్టాడు. "మీ అక్క దీనికి ఏం రాసేదో నీకేమన్నా చెప్పిందా?"

"నన్నడుగుతావేంది బావా? ఇన్నేండ్లూ ఆమె ఉన్నింది నీ ఇంట్లో గదా."

వెంగముని తల దించుకుని, ఏమీ అంటని ఆ గుడ్డతో, ఏమీ అక్కర్లేని ఆ దారాన్ని చివరి నుంచి చివరిదాకా తుడిచాడు. మళ్ళీ మొదలుపెట్టాడు.

నేను గోడకు ఆని చూస్తున్నాను. మేకకొవ్వు, మైనం. పాళ్ళు కూడా తెలుసు. నాకు నోరు లేదు. ఉన్నా అతనికి చెప్పేదాన్ని కాదు.